తగ్గిందా అని అడిగితే...

కర్నూలు నుంచి ఒక డాక్టరమ్మ రాసిన ఉత్తరానికి ఈసారి సమాధానం. ఉత్తరం ఏడు పేజీలు. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేసి సారం మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు 28 ఏళ్లు. ఎమ్మిగనూరులో మగ్గాల ఇంట్లో పుట్టారు. చర్మవ్యాధుల విభాగంలో పీజీ రెండో సంవత్సరం. థీసిస్‌కు తీసుకున్నది పేనుకొరుకుడు, అంటే తల మీద గుండ్రంగా, నున్నగా జుట్టు ఊడిపోయే జబ్బు. 60 మంది రోగులకు చికిత్సకు ముందు ఒకసారి, ఆరు నెలల తరువాత ఒకసారి తలలో ఎంత వంతు ఖాళీ అయిందో కొలిచి పోల్చాలి. రోజువారీ జీవితం గురించి పది ప్రశ్నల పత్రం ఒకటి నింపించాలి. చివర ‘చికిత్స ఎలా ఉంది, తగ్గిందా?’ అని అడిగి రాసుకోవాలి. ఈ చివరి ప్రశ్న ఆమె తనంత తానుగా చేర్చుకున్నది. చిక్కు తెచ్చిందీ అదే.

ఆదోని వైపు నుంచి వచ్చే 24 ఏళ్ల అమ్మాయికి మొదట 42 ఉన్న స్కోరు 8కి దిగింది. రెండు ఫొటోలూ పక్కపక్కన పెడితే ఎవరైనా సంతోషిస్తారు. ఆ అమ్మాయి మాత్రం ‘ఏమీ తగ్గలేదు మేడమ్’ అని కళ్లనీళ్లు పెట్టుకుంది. అదే వారం వచ్చిన 50 ఏళ్ల ఆటో డ్రైవరుకు 35 ఉన్నది 30 అయింది, అంతే. ఆయన ‘నాకు బాగైపోయిందమ్మా, ఇక రాను’ అని దండం పెట్టి వెళ్లిపోయాడు. 60 మందిలో ఇలా అంకె ఒకటీ మాట ఒకటీ అయినవాళ్లు 17 మంది. గైడు ‘మాటలు పట్టికలోకి రావు, స్కోరు చూసి రాసెయ్’ అన్నారు. ఒక సీనియర్ ఇంకో అడుగు ముందుకేసి, చివరి గడిలో టిక్కులు స్కోరుకు సరిపోయేలా మార్చుకొమ్మని సలహా ఇచ్చారు.

ఇదంతా రాశాక ఆరో పేజీలో అసలు సంగతి. నాలుగు నెలల కిందట ఆమెకే తల వెనక రూపాయి బిళ్లంత మచ్చ కనిపించింది. ఎవరికీ చూపించలేదు. తనే పూతమందు రాసుకుంటున్నారు. అనంతపురం సంబంధం ఒకటి ఖాయమయ్యేలా ఉంది. ‘జడ కింద ఉన్నది ఎవరు చూస్తారు, ఊరుకో’ అన్నారు అమ్మ. ఓపీలో కూర్చుని ‘ఇది పెద్ద జబ్బేమీ కాదమ్మా’ అని రోగులకు చెప్పిన ప్రతిసారీ తన మాట తనకే అబద్ధంలా వినిపిస్తోందని రాశారు. థీసిస్‌లో ఏం రాయాలి, రోగులకు తన సంగతి చెప్పాలా, పెళ్లివారికి చెప్పాలా అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా,

చిక్కుపడిన జుట్టుకు కుదుళ్ల దగ్గర దువ్వెన పెట్టి లాగరు. కొసల దగ్గర మొదలుపెట్టి పైకి వస్తారు. మీ ఉత్తరం కుదుళ్ల దగ్గరే నొప్పిగా ఉంది కనుక నేను కొసల దగ్గర, అంటే థీసిస్ పట్టిక దగ్గర, మొదలుపెడతాను. నేనూ మీ శాఖ మనిషినే. కడపలోనూ అనంతపురంలోనూ చర్మరోగాల ఓపీలో కూర్చుని రిటైరైనదాన్ని. మీరు ఇప్పుడు పడుతున్న తికమక నేను పడాల్సిన రోజుల్లో పడలేదు, స్కోరు రాసి తరువాతి చీటీ పిలిచాను. అందుకే మీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

ముందు మీ ప్రశ్ననే చూడండి. ‘తగ్గిందా?’ బియ్యం ధర తగ్గిందంటే ఊరికే ఇస్తున్నారని ఎవరూ అనుకోరు. జ్వరం తగ్గిందంటే ఇంకా కొంచెం ఉందని ఎవరూ అనుకోరు. మన భాషలో ఒకే మాట ఒకచోట ‘కొంత దిగింది’ అని, ఇంకోచోట ‘పూర్తిగా పోయింది’ అని అర్థమిస్తుంది. మీరు ధర లెక్కన అడిగారు, ఆ అమ్మాయి జ్వరం లెక్కన విన్నది. 42 ఎనిమిదైన మాట మీకు నిజం. ఎనిమిది ఇంకా ఉన్నదన్నది ఆమెకు నిజం. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. ఇక ‘పర్వాలేదు’ అనే మాట సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మంచం పట్టినవాడూ పర్వాలేదనే అంటాడు, పెళ్లికి బయల్దేరినవాడూ పర్వాలేదనే అంటాడు. ఇలాంటి మాటలను గడుల్లో టిక్కులుగా మార్చి, అవి అంకెలతో కలవలేదని బాధపడుతున్నారు.

ఇప్పుడు అంకె సంగతి. శాల్ట్ స్కోరు ఎలా వేస్తారో మీకు తెలుసు, మిగతా పాఠకుల కోసం చెబుతున్నాను. తల మొత్తం వంద అనుకుంటే నడినెత్తి పైభాగానికి 40, వెనక భాగానికి 24, రెండు పక్కలకూ చెరి 18. ఒక్కో భాగంలో ఎంత వంతు జుట్టు పోయిందో చూసి కూడతారు. సున్నా అంటే జుట్టంతా ఉంది, 100 అంటే అంతా పోయింది. తెలివైన కొలత, అందులో సందేహం లేదు. కానీ ఒక చిన్న లెక్క వేసి చూడండి. వెనక భాగంలో మూడో వంతు పోతే ఎనిమిది. జడ దాన్ని కప్పేస్తుంది. పైభాగంలో అయిదో వంతు పోయినా ఎనిమిదే. అది నుదుటి పైన, పాపిడి దగ్గర పోయి ఉంటే ఎదురుగా నిలబడ్డ ప్రతి మనిషీ మొదట చూసేది దాన్నే. కాగితం మీద మాత్రం ఆ ఎనిమిదీ ఈ ఎనిమిదీ ఒక్కటే.

మీ ఆదోని అమ్మాయికి మిగిలిన ఎనిమిది ఎక్కడుంది? ఏడు పేజీల్లో ఎక్కడా రాయలేదు మీరు. తప్పు పట్టడం లేదు. స్కోరు మనచేత అలా మరిపిస్తుంది. రేపు కేసుషీటు తీసి చూడండి. పాపిడి దగ్గర ఉంటే మీ చిక్కులో సగం అక్కడే విడిపోతుంది. కనుబొమలు కూడా చూడండి. శాల్ట్‌లో కనుబొమలకూ రెప్పలకూ చోటు లేదు. తలంతా నిండి కనుబొమలు రాని మనిషి కాగితం మీద గెలిచి అద్దం ముందు ఓడిపోతుంది. మొలిచిన జుట్టు రంగూ చూడండి. పేనుకొరుకుడు మచ్చలో కొత్త వెంట్రుకలు మొదట తెల్లగా రావడం మామూలే, తరువాత చాలామందికి నల్లబడతాయి. మీ కంటికి అది మొలక. 24 ఏళ్ల పిల్ల కంటికి అది ముసలితనం. ఇది ఆమెకు ముందే చెప్పారా? చెప్పకపోతే ఆమె ఏడుపులో మన వాటా కొంత ఉంది.

పది ప్రశ్నల పత్రంలో ఆమెకు 30కి 4 మాత్రమే వచ్చిందని, అంత ఏడ్చిన మనిషికి నాలుగేమిటని ఆశ్చర్యపోయారు. అది డీఎల్‌క్యూఐ కదూ? 1994లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో తయారైంది. అన్ని చర్మవ్యాధులకూ కలిపి చేసింది, ఎంతో మేలు చేసింది కూడా. కానీ మొదటి ప్రశ్నే దురద, మంట, నొప్పి గురించి. పేనుకొరుకుడుకు అవి సాధారణంగా ఉండవు, కాబట్టి సున్నా. తరువాత బజారు పనికి, ఇంటి పనికి, తోటపనికి ఇబ్బంది అయిందా అని ఉంటుంది. ఆదోని పత్తి చేలో కూలికి వెళ్లే మనిషిని తోట గురించి అడిగాం! అన్నిటికంటే పెద్ద లోపం, అది గడిచిన వారం సంగతే అడుగుతుంది. రెండేళ్ల కిందటే పెళ్లిళ్లకు వెళ్లడం మానేసిన మనిషికి పోయిన వారం పెళ్లిలో ఇబ్బంది ఎలా ఉంటుంది? వెళితే కదా! అన్నీ మానుకున్నవాళ్లకు ఆ పత్రంలో తక్కువ మార్కులు వస్తాయి. తక్కువ మార్కులంటే హాయిగా ఉన్నారని మనం చదువుకుంటాం.

నా ఓపీ రోజుల సంగతి ఒకటి చెప్పనివ్వండి. ప్రొద్దుటూరు నుంచి ఒకావిడ వచ్చేది. తలలో నాలుగైదు మచ్చలు. మూడు నెలలు వచ్చి మానేసింది. ‘రావడం లేదు’ అని రాసి ఫైలు మూసేశాను. ఏడాది తరువాత బజారులో కనిపించింది, నున్నటి గుండుతో. తిరుమల వెళ్లి తలనీలాలు ఇచ్చివచ్చిందట, అది రెండోసారట. ‘మచ్చలు కనిపిస్తే అడుగుతారమ్మా, గుండు కనిపిస్తే ఎవరూ అడగరు, దండం పెడతారు’ అన్నది. అత్తగారు కోడలి భక్తి గురించి నలుగురికీ చెప్పుకుంటున్నదట. ఇష్టపడి ఇచ్చిన జుట్టుకు ఈ నేల మీద ఎంత గౌరవమో, చెప్పకుండా పోయిన జుట్టుకు అంత అవమానం. ఆవిడ ఆ రెండిటి మధ్య దారి కనిపెట్టుకుంది. నా ఇంజెక్షన్ల కంటే అది ఆమెకు బాగా పనిచేసింది. దీన్ని విజయమనాలో కాదో నాకు ఇప్పటికీ తేలలేదు. కానీ నా ఫైల్లో రాసుకున్న ‘రావడం లేదు’ అన్న రెండు మాటల కంటే అది చాలా పెద్ద సంగతి.

జబ్బు పేరు కూడా ఒక గాయమే. ‘పేనుకొరుకుడు’ అనగానే పేలున్నాయనీ, తల శుభ్రంగా ఉంచుకోదనీ, దువ్వెన పంచుకుంటే అంటుకుంటుందనీ. ఒంట్లోని రక్షణ కణాలే దారి తప్పి జుట్టు కుదుళ్ల మీద పడటం వల్ల వస్తుందనీ, పేనుకూ దీనికీ సంబంధం లేదనీ, అంటుకోదనీ, కుదుళ్లు చచ్చిపోవు గనుక మళ్లీ మొలిచే అవకాశం ఉంటుందనీ ఓపీలో మనం చెబుతాం. కానీ ఇంటికి వెళ్లాక ఆ పేరే మిగులుతుంది. దాని వెంటే గురివింద గింజ అరగదీసి పూయడం, జిల్లేడు పాలు రాయడం, చర్మం కాలి పుండుపడ్డాక మన దగ్గరికి రావడం. మీ 60 మందిలో ఎందరు అవి చేసివచ్చారో అడిగారా? అడిగి ఉంటే, జుట్టు పోయినందుకు పడిన బాధ ఎంత, ఈ నాటువైద్యాల వల్ల పడిన బాధ ఎంత అని విడిగా కనిపిస్తుంది.

ఇక థీసిస్. మీ ముందు మూడు దారులున్నాయి. మీ సీనియర్ చెప్పినదాన్ని నేను వాటిలో కలపను. ఎందుకో మాత్రం చెబుతాను. ఆ 17 టిక్కులు మార్చితే బహుశా ఎవరూ పట్టుకోరు. మీ పట్టిక అందంగా ఉంటుంది. కానీ ‘స్కోరు దిగితే రోగులు సంతృప్తిపడతారు’ అని మీ పేరు మీద అచ్చవుతుంది. దాన్ని చదివిన ఇంకో కుర్ర డాక్టరు ఇంకో అమ్మాయి ఏడ్చినప్పుడు ‘పుస్తకం ప్రకారం నీకు బాగైంది’ అంటాడు. మీ ఉత్తరంలోని ఆరో పేజీ రాసిన మనిషి ఆ పని చేసి నిద్రపోగలదని నాకు అనిపించలేదు.

మొదటి దారి, గైడు చెప్పినట్టు స్కోర్లే రాయడం. ఇందులో మోసమేమీ లేదు. ముందు అనుమతి తీసుకున్న కొలత అదే అయితే దాన్ని నిజాయితీగా రాయడం మంచి పనే. సమయానికి అయిపోతుంది, గైడుతో పేచీ ఉండదు. పోయేది ఆ 17 మంది మాట. ఆ కాగితాలు మీ హాస్టలు గది అటక మీద ఉండిపోతాయి. వాటిని పారేయకుండా ఉంటే చాలు, ఈ దారిలో నడిచినందుకు మిమ్మల్ని నేనేమీ అనను.

రెండో దారి, అంకెనూ మాటనూ రెండు గళ్లలో పక్కపక్కనే పెట్టి, ఎందరిలో కలిశాయో ఎందరిలో విడిపోయాయో చెప్పడం. విడిపోవడమే అప్పుడు మీ ఫలితం. నాకు ఇష్టమైనది ఇదే, దాచను. కానీ దీనికి ముందు ఒక గేటు ఉంది. ఆ ప్రశ్నను మీ అంతట మీరే చేర్చుకున్నారు. పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి ఇచ్చిన ప్రతిలో అది ఉందా? రోగి సంతకం చేసిన అంగీకారపత్రంలో దాని ఊసు ఉందా? లేకపోతే ముందు కమిటీకి రాయండి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 నాటి మార్గదర్శకాల ప్రకారం, పరిశోధన మధ్యలో మార్పు చేస్తే కమిటీ ముందు పెట్టి అనుమతి తీసుకోవాలి. వాళ్లు ఇప్పటిదాకా అడిగినవి వాడవద్దంటే వాడకూడదు, ఇకముందు అడిగేవే వాడాలి. చికాకే. కానీ వైవాలో బయటి పరీక్షకుడు అడిగితే చెమటలు పట్టడం కంటే నయం.

మూడో దారి, థీసిస్‌ను స్కోర్లతో ముగించి, పరీక్షలయ్యాక కొత్తగా అనుమతి తీసుకుని పది పదిహేను మందితో తీరిగ్గా మాట్లాడి, విడిగా చిన్న వ్యాసం రాయడం. పని బాగా వస్తుంది. ప్రమాదం ఒక్కటే: పరీక్షలయ్యాక అంటే పెళ్లి అయ్యాక, ఉద్యోగం వచ్చాక. ఆ ‘అయ్యాక’ల్లో ఎన్ని వ్యాసాలు కలిసిపోయాయో నాకు తెలుసు. నావి రెండున్నాయి.

గైడుతో మాట్లాడేటప్పుడు ‘రోగి బాధ’ అని మొదలుపెట్టకండి, ఆయన చెవులు మూసుకుంటారు. ఆయన నమ్మే అంకె దగ్గరే మొదలుపెట్టండి. ఈ జబ్బుకు కొత్త మాత్రల మీద జరిగిన పెద్ద పరీక్షల్లో స్కోరు 20కి, అంతకు తక్కువకు దిగితే, అంటే తలలో 80 వంతులు నిండితే, గెలుపని లెక్కపెట్టారు. ఆ 20 ఎవరో గదిలో కూర్చుని ఊహించింది కాదు. అనుభవం ఉన్న వైద్యులనూ జబ్బుతో బతుకుతున్న మనుషులనూ కూర్చోబెట్టి, ‘ఎంత జుట్టు వస్తే చికిత్స పనిచేసిందంటారు?’ అని అడిగి తేల్చిన గీత అది. గైడుగారు పట్టికలోకి రావన్న మాటలలోంచే ఆయన పట్టికలోని గీత పుట్టింది. ఆ గీత ప్రకారమే వాటిలో ఒకటైన బారిసిటినిబ్ మాత్రను తూచి, 2022 జూన్‌లో అమెరికాలో అనుమతించారు. రెండు పరీక్షల్లో 36 వారాలకు, రోజుకు 4 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్లలో నూటికి సుమారు 39 మంది, 36 మంది ఆ గీత దాటారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో దాటినవాళ్లు నూటికి ఆరుగురు, ముగ్గురు. మంచి ఫలితం. అయితే ఆ గీత సగం తల, అంతకంటే ఎక్కువ పోయినవాళ్ల కోసం గీసింది. 42తో మొదలైన మీ ఆదోని అమ్మాయికి, 35తో మొదలైన డ్రైవరుకు అదే గీత ఎలా సరిపోతుందని మీరు మర్యాదగా అడగవచ్చు. ఆయన ఆలోచిస్తారు. లెక్క మీద నమ్మకం ఉన్న మనిషిని లెక్కతోనే కదిలించాలి.

రెండో దారో మూడో దారో ఎంచుకుంటే, అడగడం మార్చండి. మీరే మందు ఇచ్చి మీరే ‘ఎలా ఉంది?’ అంటే, కొందరు మీ మొహం చూసి బాగుందంటారు, కొందరు బాగుందంటే మందు ఆపేస్తారేమోనని లేదంటారు. అడిగే మనిషి వేరే ఉండాలి. తెల్లకోటు లేని ఇంటర్నో సోషల్ వర్కు విద్యార్థో అయితే మేలు. ఉర్దూలో మాట్లాడగలిగినవాళ్లు ఒకరుంటే ఇంకా మేలు. కర్నూలులో, ఆదోనిలో ఉర్దూ మాట్లాడే ఆడవాళ్లకు బురఖా ఉంది కదా, బాధేముంటుందని మనవాళ్లు అడగకుండానే దాటేస్తారు. అద్దం అందరిళ్లలోనూ ఉంటుంది.

అడగాల్సింది చికిత్స మొదలుకాక ముందే. ‘దీనివల్ల ఏం మానేశారు?’ అన్నది మొదటిది. ‘ఏం జరిగితే ఇక మందు చాలనుకుంటారు?’ అన్నది రెండోది. వాళ్ల మాటల్లోనే రాసుకోండి. డాక్టరు భాషలోకి అప్పుడే దించకండి. నేను విన్నవాటిలో కొన్ని: పూలు పెట్టుకుంటే జారిపోకుండా నిలవాలి. మంగలి షాపులో కుర్చీ ఎక్కగానే ‘ఇదేమిటన్నా’ అని అడగకూడదు. బండి వెనక కూర్చున్నప్పుడు కొంగు చేత్తో పట్టుకోకుండా ఉండగలగాలి. పిల్లవాణ్ని బళ్లో టోపీ తీయమనకూడదు. వీటిలో వేటికీ శాతం లేదు. కానీ ఆరు నెలల తరువాత ‘పూలు నిలుస్తున్నాయా?’ అని అడిగితే అవుననో కాదనో తేలిపోతుంది. ‘తగ్గిందా’ అనే ప్రశ్నకు లేని స్పష్టత దీనికుంది.

మీ ఆటో డ్రైవరు విషయంలో నాకు రెండు ఊహలున్నాయి. ఒకటి, కొత్త మచ్చలు రావడం ఆగిపోయి ఉంటుంది. రోజూ పొద్దున్నే తల తడుముకుని ఇవాళ ఇంకెక్కడ పోయిందోనని వెతుక్కున్న మనిషికి, అది ఆగడమే బాగవడం. రెండు, ఆసుపత్రికి వచ్చిన ప్రతి రోజూ ఆటోకు కట్టే అద్దె, ఆ రోజు సంపాదన రెండూ పోతాయి. ‘బాగైంది’ అనేది కొన్నిసార్లు ‘ఇక నా వల్ల కాదు’ అనే మాటకు మర్యాద రూపం. మొదటిదైతే ఆయనది గెలుపు. రెండోదైతే చికిత్స ఓడింది, మందు వల్ల కాదు, వచ్చిపోయే ఖర్చు వల్ల. ఆదోని నుంచి కర్నూలు వంద కిలోమీటర్లకు దగ్గర. నెల నెలా వచ్చిపోయేవాళ్ల లెక్కలో ఆ బస్సు కూడా మందులో భాగమే. మళ్లీ పలకరించడానికి ఆయన ముందే ఒప్పుకుని ఉంటే ఒకసారి ఫోను చేసి అడగండి. ఒప్పుకుని ఉండకపోతే వదిలేయండి.

ఇప్పుడు కుదుళ్ల దగ్గరికి వద్దాం.

రూపాయి బిళ్లంత మచ్చకు శాల్ట్ వేస్తే ఒకటి కూడా రాదు. ఆ ఒకటికి లోపలి అంకె మీ చేత ఏడు పేజీలు రాయించింది. మీ గైడుకు చూపించదగ్గ రుజువు మీ దగ్గరే ఉంది, చూపించమని మాత్రం అనను.

ముందు మీకు మీరే డాక్టరు కావడం మానండి. తల వెనక ఉన్నదాన్ని మీరు సరిగా చూడను కూడా చూడలేరు. విభాగంలో తెలుస్తుందని సంకోచమైతే వేరే ఊళ్లో మరొకరికి చూపించండి. నంద్యాలకో అనంతపురానికో వెళ్లండి, ఒక పూట పని. థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి, ఈ జబ్బు ఉన్నవాళ్లలో థైరాయిడ్ సమస్య మిగతావారి కంటే ఎక్కువగా కనిపిస్తుందని మీకు తెలుసు. చిన్న మచ్చలు చాలావరకు ఏడాదిలోపు వాటంతట అవే పూడుకుంటాయి, మళ్లీ రావడమూ ఉంది. ఇవి మీరు రోజూ చెప్పే మాటలే. ఒకసారి కుర్చీకి ఇవతలి వైపు కూర్చుని వినండి. ‘పెద్ద జబ్బేమీ కాదమ్మా’ అన్న మాట అక్కడినుంచి ఎలా వినిపిస్తుందో తెలిశాక, ఆ మాట వాడాలో మానాలో మీకే తెలుస్తుంది. నేనైతే ‘ప్రాణానికి భయం లేదు, కానీ మనసుకు కష్టమే’ అంటాను. ఈ మాటలో అబద్ధం లేదు.

రోగులకు చెప్పాలా? పరిశోధన కోసం ప్రశ్నలు అడుగుతున్నంతసేపూ చెప్పకండి. చెబితే వాళ్లు తమ సంగతి వదిలి మిమ్మల్ని ఓదార్చడం మొదలుపెడతారు. మన ఆడవాళ్లు అంతే. లేదా మీకు నచ్చే జవాబు వెతికి ఇస్తారు. ప్రశ్నలయ్యాక, మామూలు ఓపీలో, ఎవరైనా మరీ కుంగిపోయినప్పుడు చెప్పాలనిపిస్తే అది మీ ఇష్టం. చెప్పినది ఊరంతా తెలుస్తుందన్న లెక్కతోనే చెప్పండి. చెప్పకపోవడం మోసం కాదు. షుగరు ఉన్న డాక్టరు తన రిపోర్టు రోగికి చూపించాకే మందు రాయాలని ఎక్కడా లేదు. మాటల మీద ఆధారపడిన పరిశోధన రాసేటప్పుడు మాత్రం, ‘ఈ జబ్బు పరిశోధకురాలికీ ఉంది’ అని ఒక్క వాక్యం చేర్చే పద్ధతి ఉంది. చేర్చితే చదివేవాళ్లు మీ చూపు ఎక్కడినుంచో తెలుసుకుంటారు, గైడుకూ తెలుస్తుంది. చేర్చకపోతే మీ గోప్యం మీకు మిగులుతుంది, ఆ 17 మందిని ఎందుకంత పట్టించుకున్నారన్నది చదివేవాళ్లకు తెలియదు. రెండూ భరించదగినవే.

పెళ్లి సంగతి మీ అమ్మగారి వైపు నుంచి కూడా చూద్దాం. ఆవిడ భయం అబద్ధం కాదు. సంబంధం తప్పిపోయిన ఇళ్లు ఆవిడ చూసి ఉంటారు. చెప్పకపోతే మచ్చ పూడిపోవచ్చు, ఎవరికీ ఎప్పటికీ తెలియకపోవచ్చు. కానీ మళ్లీ వస్తే? ఆ రోజు జుట్టు గురించి కాదు, దాచడం గురించి మాట వస్తుంది. పైగా మీరు చర్మం డాక్టరు. తెలియదనడానికి లేదు. పెద్దవాళ్ల ద్వారా చెప్పిస్తే, ‘పేనుకొరుకుడట’ అన్న ఆ పాడు పేరుతో మాట నాలుగిళ్లు తిరిగి, చివరికి ఏ రూపంలో చేరుతుందో చెప్పలేం. మూడోది, మీరే ఆ అబ్బాయితో నేరుగా, ఖాయం చేసుకునే ముందు, పది నిమిషాలు మాట్లాడటం. అంటుకోదు, ప్రాణం మీదికి రాదు, పోవచ్చు, మళ్లీ రావచ్చు, ఎక్కువ కావడమూ కొందరిలో ఉంది, దగ్గరి బంధువుల్లో కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది కానీ పిల్లలకు తప్పకుండా వస్తుందని లేదు. అంతే. ఆయన వెనక్కి తగ్గవచ్చు. అది నొప్పే. దానికి మందు రాయడం నాకు రాదు. తగ్గకపోతే, మీ జుట్టు దువ్వుకునేటప్పుడు ఆ ఇంట్లో తలుపు గడియ పెట్టుకోనక్కర్లేదు. అమ్మగారికి చెప్పకుండా ఈ పని చేయకండి. ‘నేను మాట్లాడతానమ్మా’ అని ముందు చెప్పి చేయండి. కోపం వచ్చినా ఆవిడది పక్కన నిలబడే కోపమే అవుతుంది.

వీటిలో ఏది ఎంచుకోవాలో తేల్చుకోవడానికి, రోగులను అడగమన్న ఆ రెండు ప్రశ్నలనూ ఒక కాగితం మీద మీ కోసం రాసుకోండి. ఈ నాలుగు నెలల్లో మీరేం మానేశారు? ఫ్యాను కింద కూర్చోవడమా, హాస్టలులో స్నేహితురాలి చేత జడ వేయించుకోవడమా, తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకోవడానికి మేడ మీదికి వెళ్లడమా? ఏం జరిగితే ఇక చాలనుకుంటారు? మచ్చ నిండటమేనా, లేక ఒక్క మనిషికైనా తెలిసి ఉండటమా? నాకు పంపనక్కర్లేదు.

ఆదోని అమ్మాయి వచ్చే నెల మళ్లీ వస్తుందన్నారు. ఆమె మీ రోగి కూడా కాబట్టి పరిశోధన కాగితాలు పక్కన పెట్టి, పాపిడి దగ్గర చూసి, ‘దీనివల్ల ఏం మానేశావమ్మా?’ అని అడగండి. ఓపీ రద్దీ తగ్గాక, మధ్యాహ్నం పూట, కుర్చీ ఇచ్చి అడగండి. జవాబు రావడానికి కాస్త సమయం పడుతుంది.